ముందు ప్రాజెక్ట్ బయటికి తీయండి, ఫార్మాట్ సంగతి తర్వాత

పాఠకుల కంప్యూటర్ సందేహాలకు తిరుపతి నుంచి ఒక లాప్‌టాప్ సర్వీస్ టెక్నీషియన్ జవాబులు

ప్రశ్న: సార్, నేను చిత్తూరులో ఒక మామిడి మండీలో లెక్కలు రాస్తాను. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. తన లాప్‌టాప్ (విండోస్ 11) కొంతకాలంగా సతాయిస్తోంది. పని చేస్తుండగానే నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతుంది. ఒక్కోసారి ఏ స్క్రీనూ రాకుండానే ఠక్కున ఆరిపోతుంది. కుడివైపు కింద మూలలో ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి’ అని మాటిమాటికీ వస్తోంది. ఊరికే పెట్టినా ఫ్యాన్ హోరుమంటుంది. ప్రాజెక్ట్ కోసం ఫ్రెండ్ పెన్‌డ్రైవ్ నుంచి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (లైసెన్స్ లేకుండా నడిచే దొంగ కాపీ) ఒకటి వేసుకుందట. అప్పట్నుంచే ఇలా ఉందని తన అనుమానం. షాపులో చూపిస్తే ‘ఫుల్ వైరస్, ఫార్మాట్ కొట్టాల్సిందే’ అన్నారు. వచ్చే నెల ప్రాజెక్ట్ ఇవ్వాలి. సెలవులకు పాప ఇంటికొచ్చినప్పుడు మండీ బ్యాంకు పని కూడా నేను దాంట్లోనే చూస్తాను. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, ఫార్మాట్ మాత్రం ఇప్పుడే కొట్టించకండి. మీరు రాసిన దాంట్లో నాలుగు సంగతులున్నాయి: నీలం స్క్రీన్, ఠక్కున ఆరిపోవడం, మూలన వచ్చే హెచ్చరిక, ఫ్యాన్ హోరు. నాలుగింటినీ కలిపి ‘వైరస్’ అనేస్తే షాపువాళ్లకు పని తేలిక. కానీ మా టేబుల్ మీదకు వచ్చే మెషిన్లలో క్రాష్‌కు ఒక కారణం, వైరస్‌కు ఇంకో కారణం ఉండటం మామూలే. ర్యామ్ (పని చేస్తున్నప్పుడు మెషిన్ వాడుకునే మెమరీ) పాడైన లాప్‌టాప్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా మళ్లీ క్రాష్ అవుతుంది. లోపల దుమ్ము పట్టిన లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టిన మర్నాడే మళ్లీ ఆరిపోతుంది. ప్రాజెక్ట్ పోయి, జబ్బు అలాగే ఉంటే ఆ పిల్ల ఏమైపోవాలి?

కాబట్టి ఈరోజు చేయాల్సింది ఒక్కటే. లాప్‌టాప్ ఆన్‌లో నిలబడుతున్నంతలో ప్రాజెక్ట్ ఫైళ్లు బయటికి తీయండి. వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్, ఫోటోలు, డేటా ఫైళ్లు చాలు. సెటప్ ఫైళ్లు, క్రాక్ ఉన్న ఫోల్డర్లు, పేరు చివర ‘డాట్ ఈఎక్స్ఈ’ ఉన్నవి ఏవీ తీసుకోవద్దు. ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టమనండి. ఆ పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసేదాకా వేరే ఎవరి కంప్యూటర్‌కూ తగిలించొద్దు.

దాంతోపాటు ఇంకో చిన్న పని ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం దానంతట అదే పడి ఉండవచ్చు. రిపేర్ మధ్యలో అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అప్పుడు కీ లేకపోతే ఫైళ్లు ఎవరూ తీయలేరు, మేమూ తీయలేం. పాప ఫోన్‌లో తన మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద రికవరీ కీ ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోమనండి.

ఇక మూలన వచ్చే ‘5 వైరస్‌లు’ సంగతి. అన్నిటికంటే మిమ్మల్ని భయపెట్టింది అదే, అన్నిటికంటే తేలిగ్గా పోయేదీ అదే. సీరియళ్లు, సినిమాలు ఉచితంగా చూపించే సైట్లలో ‘మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి’ అని అడుగుతారు. అది నొక్కితే ఆ సైట్‌కు మన స్క్రీన్ మీద నోటిఫికేషన్లు పంపే హక్కు ఇచ్చినట్టే. ఈసారి ఆ డబ్బా వచ్చినప్పుడు మీద నొక్కకుండా దగ్గరగా చూడండి. పెద్ద ఎర్ర అక్షరాల కింద సన్నగా బ్రౌజర్ పేరు, ఏదో నోరు తిరగని సైట్ పేరు ఉంటాయి. విండోస్ ఇచ్చే అసలు హెచ్చరికలో ఏ సైట్ పేరూ ఉండదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియనివన్నీ తీసేయండి, అక్కడితో ఆ గోల పోతుంది. ఆ డబ్బా చెప్పిన ‘క్లీనర్’ ఏదైనా పాప ఇప్పటికే దించి ఉంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయమనండి. డబ్బు కట్టి ఉంటే ఆ కార్డు బ్లాక్ చేయించండి.

ఠక్కున ఆరిపోవడం దగ్గర నా అనుమానం వేడి మీదకు పోతోంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి రాగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా మెషిన్ తనంతట తానే ఆగిపోతుంది. తిరుపతి ఎండల్లో, పై అంతస్తు హాస్టల్ గదిలో, మంచం మీద పరుపు, దాని మీద లాప్‌టాప్ అంటే గాలి పీల్చే కింది రంధ్రాలు పరుపులో కూరుకుపోయినట్టే. అలా వాడిన మెషిన్ వెనక మూత విప్పితే ఫ్యాన్‌కూ, వేడిని బయటికి పంపే సన్నటి రాగి రేకులకూ మధ్య దుమ్ము, వెంట్రుకలు కలిసి గట్టి పట్టీలా పేరుకుని ఉంటాయి. బయటి నుంచి ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతున్నట్టే వినిపిస్తుంది కానీ గాలి బయటికి రాదు. పక్కనుండే రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి చూడమనండి. హోరు గట్టిగా ఉండి, చేతికి గాలి తగలకపోతే సందేహం లేదు. దుమ్ము తీయించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే పూత) మార్పించాలి. మంచం మీద వాడటం ఇకపై మానేసి, ఒక చెక్క పలక మీదైనా పెట్టుకోవాలి.

అదే సమయంలో అడుగుభాగం ఉబ్బిందా, టచ్‌ప్యాడ్ పైకి లేచిందా కూడా చూడండి. ఉబ్బితే అది బ్యాటరీ. అప్పుడు చార్జింగ్ పెట్టొద్దు, ఆన్ చేయొద్దు, నేరుగా షాపుకు తీసుకెళ్లండి. ఈ ఒక్క విషయంలో ఆలస్యం అస్సలు పనికిరాదు.

నీలం స్క్రీన్ వచ్చినప్పుడు కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకుండా ఫోన్‌తో ఫోటో తీయమనండి. కొత్త అప్‌డేట్లు పడిన విండోస్ 11లో ఇది నల్ల స్క్రీన్‌గా మారింది, అయినా సంగతి ఒకటే. ‘స్టాప్ కోడ్’ అని ఇంగ్లిష్‌లో ఒక మాట ఉంటుంది. మాలాంటి వాళ్లకు కావాల్సింది అదే. ప్రతిసారీ ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వస్తుంటే ర్యామ్ వైపు చూడాలి. ‘వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అని వస్తే అది సాధారణంగా హార్డ్‌వేర్ గొడవ. కోడ్‌తో పాటు ఏదైనా ఫైల్ పేరు కనిపిస్తే అది ఏ డ్రైవర్‌దో (హార్డ్‌వేర్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) చూడాలి. స్టార్ట్‌లో ‘రిలయబిలిటీ హిస్టరీ’ అని వెతికితే ఒక క్యాలెండర్ లాంటిది తెరుచుకుంటుంది. ఏ రోజు క్రాష్ అయిందో, ఆ రోజుకు ముందు ఏ సాఫ్ట్‌వేర్, ఏ అప్‌డేట్ పడిందో అందులో వరసగా ఉంటాయి. క్రాక్ వేసిన రోజు నుంచే మొదలైందని పాప అంటోంది కదా, ఆ అనుమానం నిజమో కాదో అక్కడే తేలిపోతుంది. తర్వాత ‘విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్’ నడపండి. అందులో తప్పులు చూపిస్తే వైరస్ మాట మర్చిపోయి ర్యామ్ విప్పించి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి చూడాలి. లేదా మార్చాలి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన దాని దగ్గరికి వద్దాం: ఆ క్రాక్. దాన్ని వేసేటప్పుడు ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి’ అని సూచన ఉండే ఉంటుంది. ఇంటికి వచ్చేవాడే కుక్కను కట్టేయమంటే ఎందుకో ఆలోచించాలి కదమ్మా. ఇలాంటి వాటితో పాటు ఎవరికోసమో క్రిప్టో నాణేలు తవ్వే మైనర్ ప్రోగ్రాములు వస్తుంటాయి. ఊరికే ఉన్నప్పుడు ఫ్యాన్ హోరెత్తి, ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవగానే కాసేపట్లో సద్దుమణిగితే ఆ అనుమానం బలపడుతుంది, ఎందుకంటే కొన్ని మైనర్లు టాస్క్ మేనేజర్‌ను చూసి దాక్కుంటాయి.

విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో కిందికి వెళ్తే ‘ఎక్స్‌క్లూజన్స్’ ఉంటుంది. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ ముట్టుకోకూడదని చెప్పిన ఫోల్డర్ల జాబితా అది. మీరు పెట్టనివి, ముఖ్యంగా సీ డ్రైవ్ మొత్తం అక్కడ ఉంటే అది క్రాక్ చేసిన పనే అనుకోవచ్చు. వాటిని తీసేయండి, క్రాక్‌ను, దాంతో వేసిన సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆపైన స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. మెషిన్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ జరుగుతుంది. దొంగ ప్రోగ్రామ్ నడుస్తుంటేనే కదా దాక్కోగలిగేది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. అది అయ్యాక మామూలు ఫుల్ స్కాన్, తర్వాత రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ ఉచిత స్కాన్. అంతే, ఇంకో రెండు యాంటీవైరస్‌లు వేసి పెట్టకండి. అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటే క్రాష్‌లు ఇంకా పెరుగుతాయి.

స్కాన్ శుభ్రంగా వచ్చినా పని అయిపోలేదు. మండీ బ్యాంకు పని అందులోనే చూస్తానని రాశారు, అది చదివి నాకు మనసు కుదుటపడలేదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న సెషన్‌లు క్షణాల్లో ఎత్తుకుపోయే ప్రోగ్రాములున్నాయి. అవి తమ పని అయ్యాక తామే మాయమవుతాయి కూడా. పోయిన పాస్‌వర్డ్ ఫార్మాట్ కొడితే వెనక్కి రాదు. అందుకని మీ ఫోన్ నుంచి, ఆ లాప్‌టాప్ నుంచి కాదు, మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. జీమెయిల్‌లో తెలియని డివైస్‌లన్నీ సైన్ అవుట్ చేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. మండీ యజమానికి కూడా చెప్పి, ఖాతా స్టేట్‌మెంట్ ఒకసారి చూడమనండి. చెప్పడానికి మొహమాటపడకండి. ఇది మీ ఒక్కరి డబ్బు కాదు.

ఇంత చేశాక కూడా డిఫెండర్ ఆన్ కాకపోయినా, తీసేసిన వైరస్ మళ్లీ మళ్లీ కనిపించినా అప్పుడు ఫార్మాట్ న్యాయమే. నా మటుకు నాకు, బ్యాంకు పని జరిగే మెషిన్‌లో పాస్‌వర్డ్ దొంగ దొరికితే ఇంకేం ఆలోచించను, ప్రాజెక్ట్ కాపీలు తెరిచి చూసుకుని ఫార్మాట్‌కే వెళ్తాను. వేరే మంచి కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి, దాంతో కొత్తగా వేయించండి. ‘మేం వేసే విండోస్‌కు లైసెన్స్ అక్కర్లేదు’ అనే చోట వేయించకండి, అదీ ఇంకో క్రాకే. లాప్‌టాప్ కొన్నప్పుడు విండోస్‌తోనే వచ్చి ఉంటే, అదే ఎడిషన్ వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

పాపకు ఒక మాట: స్టాటిస్టిక్స్‌కు జాస్ప్, జమోవి, పీఎస్‌పీపీ ఉచితంగా దొరుకుతాయి. టీ టెస్ట్, అనోవా, రిగ్రెషన్ లాంటివి వాటిలో చక్కగా చేసుకోవచ్చు. గైడ్‌ను అడిగి ఏది సరే అంటే అది వేసుకో తల్లీ.

ప్రశ్న: జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని వచ్చాక నా పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. ఫైళ్లు పోయినట్టేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: చాలావరకు పోవు, కనపడకుండా దాచి ఉంటాయి. ఆ షార్ట్‌కట్‌ను మాత్రం డబుల్ క్లిక్ చేయకు, నొక్కావంటే వైరస్ నీ కంప్యూటర్లోకి దిగుతుంది. ముందు పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చెయ్యి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దగ్గర టిక్ తీసెయ్యి. అసలు ఫైళ్లు మసకగా కనిపిస్తాయి. కొన్నిసార్లు పేరు లేని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్నీ తెరిచి చూడు. నీ డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టు. తీసిన టిక్‌ను మళ్లీ పెట్టడం మర్చిపోకు. యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే కంప్యూటర్‌కు ఎందరివో పెన్‌డ్రైవ్‌లు తగులుతాయి. వాళ్లను తప్పుపట్టలేం. ఇకపై పీడీఎఫ్ చేసి నీ ఫోన్ నుంచి షాపు నంబర్‌కు వాట్సాప్‌లో పంపు.

ప్రశ్న: స్క్రీన్ లాక్ అయి ‘మైక్రోసాఫ్ట్‌కు ఫోన్ చేయండి’ అని ఒక నంబర్ వచ్చింది. చేస్తే ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే యాప్) వేయించి, లోపల ఏదేదో చూసి, 6 వేలు అడిగారు. డబ్బు కట్టకుండా ఫోన్ పెట్టేశాను. ఇప్పుడేం చేయాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాళహస్తి

జవాబు: సార్, అసలైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. డబ్బు కట్టలేదు, అది మంచిదైంది. వెంటనే నెట్ ఆపి, ఎనీడెస్క్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మొదటి జవాబులో చెప్పినట్టు ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. ఆ సమయంలో బ్యాంకు పేజీ తెరిచి ఉన్నా, ఓటీపీ చెప్పి ఉన్నా ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి. ఖాతాలోంచి ఒక్క రూపాయి పోయినట్టు కనిపించినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అప్పటికప్పుడే చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలోనే ఆపే వీలు అంత ఎక్కువ. మళ్లీ ఆ స్క్రీన్ వస్తే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. పోకపోతే పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని మెషిన్ ఆపేయండి. తిరిగి ఆన్ చేసినప్పుడు బ్రౌజర్ ‘పాత పేజీలు తెరవమంటారా’ అని అడిగితే వద్దనండి.