గాలికి ఎదురు నిలిచే వంతు ఎవరిది?

ఆషాఢం దగ్గర పడితే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గురించే ఉంటాయి. మూడు వారాల పాటు 21 స్టేజ్‌లుగా, అంటే రోజుకొక పందెంగా, దాదాపు 3,300 కిలోమీటర్లు సాగే ఆ పందెం మనకు సాయంత్రం వేళల్లో కనిపిస్తుంది కాబట్టి, ఆఫీసు నుంచి ఇంటికి చేరి టీ తాగుతూ చూసేవారు నగరంలో చాలామందే ఉన్నారని మీ ఉత్తరాలు చెబుతున్నాయి. ఈ సంచికకు ఎన్నుకున్న ప్రశ్నలు వేర్వేరుగా కనిపించినా, అన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయి.

ప్రశ్న: అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సైకిల్ ట్రాక్ మీద ప్రతి ఆదివారం నలుగురం కలిసి తొక్కుతాం. మాలో ఒకాయన ఎప్పుడూ వెనకే ఉంటారు. చివరి కిలోమీటరులో మాత్రం అందరినీ దాటిపోయి తానే మొదట వచ్చానంటారు. పెద్ద పందేలలో దీన్ని తప్పుగా చూడరా? (నార్సింగి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నియమాల ప్రకారం అది తప్పు కాదు. టూర్‌లో గెలిచే స్ప్రింటర్లు, అంటే ముగింపు దగ్గర మెరుపు వేగం చూపేవారు, అందరూ అదే చేస్తారు. అయితే వారికీ మీ మిత్రుడికీ ఒక పెద్ద తేడా ఉంది, అది తెలియాలంటే ముందు గాలి సంగతి చూడాలి.

సమతలం మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే రైడర్ తన శక్తిలో అత్యధిక భాగాన్ని గాలిని చీల్చుకుని పోవడానికే ఖర్చు చేస్తాడు. అతని వెనక చక్రానికి జానెడు దూరంలో తన ముందు చక్రాన్ని నిలిపి వచ్చేవాడికి ఆ శ్రమలో దాదాపు మూడో వంతు ఆదా అవుతుంది. ఇక పెలోటాన్ అనే పెద్ద గుంపు నడిమధ్యలో ఉన్నవాడి మీద పడే గాలి నిరోధం, ఒంటరిగా వెళ్ళేవాడి మీద పడేదానిలో 5 నుంచి 10 శాతం మాత్రమేనని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. నేనూ మీ ట్రాక్ మీదే తొక్కుతాను. అక్కడి సౌర ఫలకాల పైకప్పు ఎండను ఆపుతుంది గానీ, ఈ రోజుల్లో పక్క నుంచి కొట్టే పడమటి గాలిని ఆపదు. ముందున్న మనిషి వెనకకు సరిగ్గా చేరిన క్షణంలో చెవుల్లో హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది, గొలుసు కదిలే చప్పుడు వినిపించడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్క మూరెడు పక్కకు జరిగితే చాలు, ఎవరో తలుపు తెరిచినట్టు ఆ హోరంతా మళ్ళీ మీద పడుతుంది.

స్ప్రింటర్ రోజంతా ఆ చాటునే దాక్కుంటాడు గానీ, అతని తరఫున అతని జట్టువారు ముందు నిలిచి గాలిని మోస్తారు. అంటే అతని వంతును మరొకరు తీరుస్తున్నారు. మీ మిత్రుడి వంతును మాత్రం మీ ముగ్గురూ అడగకుండానే తీరుస్తున్నారు. టూర్‌లో నలుగురు కలిసి గుంపు నుంచి విడిపోయి ముందుకు వెళ్ళినప్పుడు ఒకరు వంతు తీసుకోకపోతే, మిగిలిన ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు దాడి చేసి, అంటే ఒక్కసారిగా వేగం పెంచి, అతన్ని వదిలించుకోవాలని చూస్తారు. మీరు అంత దూరం పోనక్కరలేదు. ముందు ఆయన ఆరోగ్యం ఎలా ఉందో అడగండి, ముందుకు రాలేని కారణం ఏదైనా ఉండవచ్చు. అదేమీ లేకపోతే మనిషికి ఒక నిమిషం చొప్పున వంతులు పెట్టుకుని, ఆయన వంతు వచ్చినప్పుడు మీరు ముగ్గురూ వేగం తగ్గించండి. మాటలతో చెప్పవలసిన పని ఉండదు.

ప్రశ్న: జట్టుకు ఎనిమిది మంది ఉంటారు, పేరు మాత్రం ఒక్కరికే వస్తుంది. మిగిలిన ఏడుగురు ఏ ఆశతో తొక్కుతారు? మా పిల్లవాడు అడిగితే చెప్పలేకపోయాను. (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: ఆ ఏడుగురికీ అదే వృత్తి, అందుకే వారికి జీతం. నాయకుడు గెలిస్తే బహుమతి సొమ్మును జట్టంతా పంచుకోవడం ఆనవాయితీ. వెనక వచ్చే కారు దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసాలు జెర్సీ లోపల కుక్కుకుని తేవడం, నాయకుడి టైరు పంచరైతే తన చక్రాన్ని ఇవ్వడం, అన్నిటికీ మించి గంటల తరబడి అతని ముందు గోడలా నిలబడడం వారి పని.

పక్కగాలి వీచే రోజున ఈ పని విలువ కళ్ళకు కడుతుంది. గాలి పక్క నుంచి వస్తే చాటు వెనక ఉండదు, వెనకకు ఒక పక్కగా ఉంటుంది. అందుకని రైడర్లు కొంగల బారులా ఏటవాలుగా రోడ్డు మీద పరుచుకుంటారు. రోడ్డు వెడల్పు కొద్దిమందికే సరిపోతుంది కాబట్టి, ఆ బారులో చోటు దొరకని వారు రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరు గాలికి దొరికిపోతారు. కొద్దిసేపటికే గుంపు ముక్కలవుతుంది. 2025 టూర్ మొదటి రోజునే లీల్ నగరం దగ్గర ఇలా జరిగి రెంకో ఎవెనెపూల్, ప్రిమోజ్ రోగ్లిచ్ ఇద్దరూ 39 సెకన్లు పోగొట్టుకున్నారు. వారి కాళ్ళలో బలం లేక కాదు, గాలి తిరిగిన నిమిషంలో వారు ఉండవలసిన చోట లేరు. సరైన సమయానికి నాయకుణ్ణి ముందుకు చేర్చే సహచరుడి విలువ ఆ 39 సెకన్లు. మీ అబ్బాయికి ఆ బారును వీడియోలో ఒకసారి చూపించండి, అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: జెర్సీల రంగులకు అర్థం ఏమిటి? ఒక్క స్టేజ్ కూడా గెలవకుండా టూర్ గెలవవచ్చా? (ఉస్మానియా క్యాంపస్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మొత్తం కాలం తక్కువగా ఉన్నవారికి పసుపు, పాయింట్లకు ఆకుపచ్చ, కొండల పోటీకి ఎర్ర చుక్కల జెర్సీ, యువ రైడర్లలో ముందున్నవారికి తెలుపు. పందేన్ని ప్రారంభించిన లోటో పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, 1919లో పుట్టిన జెర్సీకి ఆ రంగు అలా వచ్చింది. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు, గెలవవచ్చు. 2017లో క్రిస్ ఫ్రూమ్ ఒక్క స్టేజ్ కూడా గెలవకుండానే టూర్ గెలిచాడు.

ప్రశ్న: 2025 జిరో ది ఇటాలియాలో ఇసాక్ దెల్ తోరో చేతికి అందిన పందేన్ని చేతులారా పారేసుకున్నాడు. ఇటీవల ఇదే శీర్షికలో మీరు ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టలేమని రాశారు. ఎలా సమర్థిస్తారు? (మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతోంది, ఆ సాయంత్రం నేనూ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. చూడనివారి కోసం సంగతి చెబుతాను. ఆఖరికి ముందు రోజు, 20వ స్టేజ్ మొదలయ్యేసరికి, ఇటలీలో జరిగే ఆ పందెంలో మొదటి స్థానానికి గుర్తైన గులాబీ జెర్సీ 21 ఏళ్ళ మెక్సికో కుర్రవాడు దెల్ తోరో ఒంటి మీద ఉంది. రెండో స్థానంలో రిచర్డ్ కారపాస్ 43 సెకన్ల వెనక, మూడో స్థానంలో సైమన్ యేట్స్ 1 నిమిషం 21 సెకన్ల వెనక ఉన్నారు. దారిలో ఫినెస్ట్రే అనే కొండ ఉంది. దాని ఎక్కుడు 18 కిలోమీటర్లకు పైనే, సగటు వాలు 9 శాతం, పై భాగమంతా కంకర బాట.

కొండ మొదట్లోనే కారపాస్ జట్టు వేగం పెంచడంతో దెల్ తోరో సహచరులు వెనకబడిపోయారు. అతను కారపాస్ చక్రాన్ని మాత్రం వదల్లేదు. వారిని చేరుకున్న యేట్స్ మళ్ళీ మళ్ళీ దాడి చేసి చివరికి ఒంటరిగా ముందుకు వెళ్ళిపోయాడు. వెనక మిగిలిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జెర్సీ నీది కాబట్టి నువ్వే తరుముకో అని కారపాస్, నేను తరిమితే నా చాటున వచ్చి చివర్లో నన్నే కొడతావు కదా అని దెల్ తోరో. ఇద్దరి తర్కమూ సరైనదే, ఇద్దరి చేటుకూ అదే కారణం. ఇంతలో కొండ అవతల లోయలో యేట్స్ జట్టుకు చెందిన వౌట్ వాన్ ఆర్ట్ ఎదురు చూస్తున్నాడు. పొద్దున్నే ముందుకు వెళ్ళిన గుంపులో జట్టు అతన్ని పంపింది ఇందుకే. కొండ మీద గాలిచాటు విలువ తక్కువ, లోయలో ఎక్కువ. సరిగ్గా అది అవసరమైన చోట యేట్స్‌కు ఒక కొండంత మనిషి చాటు దొరికింది. ఆ రోజు ముగింపు అయిన సెస్ట్రియేరే చేరేసరికి ఆ ఇద్దరూ యేట్స్ కన్నా 5 నిమిషాల 13 సెకన్లు వెనకబడ్డారు. మొత్తం మీద యేట్స్ 3 నిమిషాల 56 సెకన్ల తేడాతో జిరో గెలిచాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. దెల్ తోరో లెక్క తప్పింది, అది నేను కాదనను. మొదటి స్థానం పోగొట్టుకోవడం కన్నా కారపాస్‌ను మోసుకుపోవడం మేలు, ఎందుకంటే స్ప్రింట్‌లో అతన్ని ఓడించే సత్తా దెల్ తోరోకు ఉంది. అయితే 21 ఏళ్ళ మనిషి, పక్కన ఒక్క సహచరుడూ లేకుండా, మూడు వారాల అలసటతో, కంకర బాట మీద ఆ లెక్క చేయవలసి వచ్చింది. తప్పులో సగానికి పైగా అతనికి ఆ కొండ అవతల ఒక్క మనిషినైనా నిలపని జట్టుదేనని నా అభిప్రాయం. ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 2018 జిరోలో గులాబీ జెర్సీ వేసుకున్న ఇదే యేట్స్ ఇదే ఫినెస్ట్రే ఉన్న స్టేజ్‌లో కుప్పకూలి, ఒక్క రోజులో 38 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. ఏడేళ్ళ తరువాత అదే కొండ మీద అతను వెనక్కి తిరిగి చూడకుండా తొక్కుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ప్రశ్న: పొగాచర్, వింగెగార్డ్‌లలో అసలు బలవంతుడు ఎవరు? ఈసారి ఎవరు గెలుస్తారు? (సైనిక్‌పురి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: ఒంటి బలం మాత్రమే అడిగితే తదేయ్ పొగాచర్. 2020, 2021, 2024, 2025 టూర్‌లు అతనివి. యోనస్ వింగెగార్డ్‌వి 2022, 2023. కానీ ఓడిన ఆ రెండేళ్ళూ పొగాచర్ ఎలా ఓడాడో చూడాలి. 2022లో 11వ స్టేజ్ నాటికి అతను వింగెగార్డ్ కన్నా 39 సెకన్లు ముందున్నాడు. గాలిబియే కొండ మీద వింగెగార్డ్, రోగ్లిచ్ ఒకే జట్టు మనుషులుగా వంతులేసుకుని దాడి చేశారు. ఒకరు అలిసేలోపు రెండోవారు దూకేవారు. ప్రతి దాడికీ పొగాచర్ స్వయంగా బదులిచ్చాడు. ఆ ఖర్చంతా తరువాతి గ్రానన్ కొండ మీద బయటపడింది. అక్కడ వింగెగార్డ్ ఒంటరిగా వెళ్ళిపోతే పొగాచర్ 2 నిమిషాల 51 సెకన్లు కోల్పోయాడు. 2023లో కోల్ ద లా లోజ్ మీద, తన పని అయిపోయిందని అతను రేడియోలో జట్టుకు చెప్పిన మాట ప్రపంచమంతా విన్నది. ఆ తరువాతి పొగాచర్ వేరే మనిషి. 2025లో ఓటాకమ్ కొండ మీద వింగెగార్డ్‌ను 2 నిమిషాల 10 సెకన్లు వెనక్కి నెట్టి, చివరికి 4 నిమిషాల 24 సెకన్ల తేడాతో పందెం గెలిచాడు.

వారి పోటీలో నాకు నచ్చేది మరొకటి ఉంది. 2022లో ఓటాకమ్ దారిలో దిగుడు మీద పొగాచర్ జారిపడితే వింగెగార్డ్ వేగం తగ్గించి ఆగాడు, లేచి వచ్చిన పొగాచర్ అతనితో చేయి కలిపాడు. 2025లో తులూజ్ దగ్గర పొగాచర్ మళ్ళీ పడినప్పుడు కూడా ప్రత్యర్థులు అతని కోసం ఆగారు. ఇది ఏ నియమావళిలోనూ లేదు.

2026 టూర్ జులై 4న బార్సిలోనాలో మొదలవుతుంది. మొదటి రోజే జట్ల టైమ్ ట్రయల్ (జట్లు ఒక్కొక్కటిగా బయలుదేరి గడియారంతో పోటీపడేది), చివరి వారంలో వరుసగా రెండు రోజులు ఆల్ప్ ద్యువెజ్ శిఖరం. పొగాచర్‌ను ఒక్కడే మనిషి ఎదిరించి ఓడించడం ఇప్పుడు కష్టం. 2025లో స్పెయిన్ పందెం వ్యూల్తా గెలిచిన వింగెగార్డ్‌కు ఆ శక్తి ఉంటే, అది గాలిబియే నాటి లాగా ఇద్దరు ముగ్గురు కలిసి వంతులేసుకున్న రోజునే బయటపడుతుంది. జట్టు మారిన ఎవెనెపూల్ టైమ్ ట్రయల్‌లో అందరికన్నా మేటి, పెద్ద కొండలు అతనికి ఇంకా లొంగలేదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను, నా ఓటు పొగాచర్‌కే.

ప్రశ్న: మహిళల టూర్ గురించి మీరు ఎప్పుడూ రాయరు. నాలుగు సెకన్ల తేడాతో పందెం పోవడం నిజంగా జరిగిందా? (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనది. జరిగింది, 2024లో. ఐదో స్టేజ్‌లో, ముగింపు గీతకు సుమారు 6 కిలోమీటర్ల దూరంలో పసుపు జెర్సీలో ఉన్న డెమి వొల్లరింగ్ పడిపోయింది. చివరి 3 కిలోమీటర్లలో పడితే కాలం పోకుండా కాపాడే నియమం ఉంది, ఆమెకు అది వర్తించలేదు. నిమిషంన్నరకు పైగా పోయింది. ముందు గుంపులో ఉండి ఆ స్టేజ్ గెలిచింది ఆమె జట్టుకే చెందిన బ్లాంకా వాస్.

చివరి రోజు ఆల్ప్ ద్యువెజ్ స్టేజ్ మొదలయ్యేసరికి వొల్లరింగ్, పసుపు జెర్సీ వేసుకున్న కాసియా నీవియాదోమా కన్నా 1 నిమిషం 15 సెకన్లు వెనక ఉంది. గ్లాందన్ కొండ మీద దాడి చేసి అందరినీ వదిలించుకుంది, ఒక్క పౌలీనా రోయాకర్స్‌ను తప్ప. రోయాకర్స్ తన స్థానం తను చూసుకుని వంతు తీసుకోలేదు. లోయలోనూ, చివరి కొండ మీదా గాలి అంతా వొల్లరింగ్ ఒక్కతే మోసింది. స్టేజ్ గెలిచి, మొత్తం కాలంలోంచి తీసేసే 10 సెకన్ల బోనస్ కూడా తెచ్చుకుంది. నీవియాదోమా 1 నిమిషం 1 సెకను తరువాత గీత దాటింది. కూడి తీసివేస్తే మిగిలినవి ఆ నాలుగు సెకన్లు. ఐదో స్టేజ్‌లో ముందున్న సహచరులలో ఇంకొక్కరు ఆగి, కింద పడి లేచిన ఆమె ముందు ఒక కిలోమీటరు గాలిని మోసినా పసుపు జెర్సీ వొల్లరింగ్‌దే అయ్యేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.