ఒక్క రైలు లైను పట్టుకోండి

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్‌ని. గ్రీకులు, రోమన్ల పాఠం చెప్పినప్పుడల్లా ఆ శిథిలాలను కళ్లారా చూడాలనిపిస్తుంది. పది రోజుల్లో మూడు దేశాలంటూ ట్రావెల్ ఏజెంటు చూపించిన ప్యాకేజీ నా తాహతుకు మించినది. బ్యాగు భుజాన వేసుకుని ఒక్కదాన్నే తక్కువ ఖర్చులో వెళ్లిరావచ్చా? అమ్మకు ఒకటే టెన్షన్. పైగా నేను శాకాహారిని.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: నిక్షేపంగా వెళ్లిరావచ్చమ్మా. మూడు దేశాల మాట మాత్రం వదిలేయండి. ఇలాంటి ప్రయాణంలో డబ్బు ఎక్కువగా కరిగేది ఊళ్లు మారడంలోనే. ఒక్క రైలు లైను ఎంచుకుని దాని వెంబడే తిరగండి. నన్నడిగితే టర్కీ పడమటి వైపున్న ఇజ్మీర్–సెల్చుక్–దెనిజ్లి లైను ఎంచుకోమంటాను.

ఎందుకంటే ఆ దారి మన గంజాం జిల్లాకూ తగులుతుంది. బరంపురానికి సుమారు 35 కిలోమీటర్లలో, ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది కదా. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి చెబుతూ అశోకుడు అక్కడి బండ మీది రెండో శాసనంలో యవనరాజు అంతియోకుని పేరు చెక్కించాడు. ఆయన సెల్యూసిడ్ అనే గ్రీకు వంశపు రాజు రెండో ఆంటియోకస్ అని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. దెనిజ్లి పక్కనున్న లవొదికయను స్థాపించి, దానికి భార్య లవొదికె పేరు పెట్టింది ఆయనే. క్రీ.పూ. 246లో చనిపోయింది సెల్చుక్ పక్కనున్న ఎఫెసస్‌లో. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఈ రెండు ఊళ్లూ బాగా తెలుసు. బరంపురంలో పుట్టి పెరిగిన నాకు లవొదికయ బోర్డు మీద ఆ రాజు పేరు కనబడగానే కాళ్లు కదల్లేదు. మీరు బయల్దేరే ముందు ఒక ఆదివారం పిల్లల్ని జౌగడకు తీసుకెళ్లండి.

ఇస్తాంబుల్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇజ్మీర్ చేరతారు. అక్కడి దూరప్రయాణాల బస్సుల్లో ఒంటరి ఆడవాళ్ల పక్కన తెలియని మగవాళ్లకు సీటు ఇవ్వరు. ఈ సంగతి అమ్మకు చెప్పండి, సగం బెంగ తీరుతుంది. ఇజ్మీర్‌లో బస్మనె స్టేషన్ నుంచి రైల్లో గంటన్నర వెళితే సెల్చుక్. చిన్న ఊరు. ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే పన్సియోన్‌లు, అంటే చిన్న లాడ్జీలు ఉంటాయి, వాటిలో దిగండి. ఉదయం టిఫిన్ చాలాచోట్ల గది అద్దెలోనే వస్తుంది: రొట్టె, చీజ్, ఆలివ్‌లు, టమాటా, దోసకాయ. మధ్యాహ్నానికి పాలకూరో బంగాళాదుంపో పెట్టి పెనం మీద కాల్చే గోజ్లెమె రొట్టె దొరుకుతుంది. ఎర్రపప్పు సూప్ కూడా బాగుంటుంది, కానీ కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. ‘ఎత్ సుయు వార్ మ?’ (మాంసం నీళ్లు ఉన్నాయా?) అని అడిగితే సంగతి చెప్పేస్తారు.

ఎఫెసస్ టికెట్ 2024లో విదేశీయులకు 40 యూరోలు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు 3,600 రూపాయలు. కష్టంగానే ఉంటుంది. అయినా మిగిలినవన్నీ తగ్గించుకుని ఆ డబ్బు అక్కడే పెట్టండి, రోజంతా అక్కడే ఉండండి. ఊరి నుంచి మూడు కిలోమీటర్లే కాబట్టి నడిచిపోయి, ఉదయం 8 గంటలకు తెరిచేసరికి కింది గేటు దగ్గర ఉండండి. కుషాదసి రేవులో పెద్ద ఓడలు దిగిన గుంపులు ఎక్కువగా పై గేటు నుంచి వస్తాయి. వాళ్లు కిందికి దిగేలోపు సెల్సస్ గ్రంథాలయం ముందు మీకు కావలసినంత తీరిక దొరుకుతుంది.

అక్కడ అందరూ ఫోటో తీసుకుని కదిలిపోతారు. మీరు కాసేపు నిలబడి స్తంభాలను చూడండి. మధ్యలోవి అంచుల్లో ఉన్నవాటికన్నా పెద్దవి. ఇరుకు స్థలంలో కట్టిన గోడ ఇంకా వెడల్పుగా కనబడాలని అప్పటి మేస్త్రీలు చేసిన ఉపాయం అది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఒక కొడుకు తండ్రి సెల్సస్ జ్ఞాపకార్థం కట్టించాడు, తండ్రి సమాధి కూడా దాని కిందే ఉంది. కూలిపోయిన ఆ ముఖభాగాన్ని ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు 1970లలో మళ్లీ నిలబెట్టారు. దగ్గరికెళ్తే పాత రాయి ఎక్కడ ఆగిందో, కొత్త అతుకు ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది. నాకు ఎఫెసస్‌లో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ అతుకులే.

సాయంత్రం ఊరి పక్కనే ఉన్న ఆర్టెమిస్ ఆలయానికి వెళ్లండి, టికెట్ లేదు. ఏడు ప్రపంచ వింతల్లో ఒకటైన ఆ గుడిలో ఇప్పుడు నిలబడి ఉన్నది ముక్కలు పేర్చిన ఒక్క స్తంభమే.

తర్వాత అదే లైనులో దెనిజ్లికి పోండి. అక్కడి నుంచి పముక్కలె వెళ్లే దోల్ముష్‌లనే షేర్ మినీబస్సులు మన ట్రెక్కర్ జీపుల్లాగే ఉంటాయి, చేయి ఎత్తితే ఆపుతారు. లవొదికయ ఆ దారిలోనే. పముక్కలె తెల్లరాయి మీద చెప్పులు విప్పి నడవాలి, పైన హియెరాపొలిస్ అనే పాత నగరపు థియేటర్, సమాధుల బారు ఉంటాయి. టర్కీ నడిమధ్యనున్న కప్పడోసియాలో మనుషుల్ని ఎక్కించుకుని ఎగిరే బెలూన్లు ఈసారికి వద్దు, అది ఈ లైను మీద లేదు.

ఏప్రిల్, అక్టోబర్ నెలలు మంచివి. జూలై, ఆగస్టుల్లో ఆ రాళ్ల మధ్య నీడ ఉండదు. నేల మీద కనిపించిన పెంకు ముక్క కూడా జేబులో వేసుకోవద్దు, అక్కడి చట్టం చాలా కఠినం.

ఇక వీసా. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, షెంజెన్ (ఐరోపాలో ఉమ్మడి వీసా ఉన్న) దేశాల చెల్లుబాటయ్యే వీసా గానీ నివాస అనుమతి గానీ ఉన్న భారతీయులకే టర్కీ ఈ-వీసా ఇస్తుంది. అవేవీ లేకపోతే పాస్‌పోర్టు మీద అతికించే స్టిక్కర్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. స్కూలు నుంచి సెలవు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు ముందే తీసి ఉంచుకోండి. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్ ఏదీ కొనకండి.