సూదుల డబ్బా చేతికి అందేలా ఉండాలి

జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి ఈ మధ్యే ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను, నైట్ డ్యూటీలో సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని టెన్షన్‌గా ఉంది, ఎలా జాగ్రత్తపడాలి అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా స్టాఫ్ నర్సుని. నాకూ ఒకసారి గుచ్చుకుంది, ఆ సంగతే ముందు చెప్తాను.

మెడికల్ వార్డు, రాత్రి మూడు దాటింది. ఒక పెద్దాయనకు బ్లడ్ శాంపిల్ తీశాను. సూదులు వేసే డబ్బా వార్డుకి ఆ చివర, డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండేది. అంత దూరం సూది పట్టుకుని ఎలా నడుస్తానులే అని క్యాప్ పెట్టబోయాను. అంతలో వెనక బెడ్ నుంచి "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని కేక. తల తిప్పాను. సూది క్యాప్ అంచుకు తగిలి జారి ఎడమ చూపుడువేలిలో దిగింది. గ్లవ్ లోపల చిన్న ఎర్రచుక్క మెల్లగా పెద్దదైంది.

వేలు గట్టిగా పిండాను, స్పిరిట్ పోశాను. రెండూ తప్పే. కుళాయి కింద సబ్బుతో కడుక్కుంటే చాలు. అంతకంటే పెద్ద తప్పు, ఇన్‌ఛార్జ్ సిస్టర్ తిడుతుందని తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక లాభం లేదు. కోర్సు 28 రోజులు. నా అదృష్టం, ఆ పెద్దాయనకు పరీక్షలన్నీ నెగటివ్ వచ్చాయి, నాకు మందుల అవసరం రాలేదు.

అందరం హెచ్‌ఐవీకే భయపడతాం కానీ, హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు 0.3 శాతమే. టీకా వేసుకోనివాళ్లకు హెపటైటిస్ బి అయితే 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. కాబట్టి మూడు డోసులూ పూర్తిచేయండి, చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు టైటర్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, 10 దాటి ఉండాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం ఈ టీకా వేయించాల్సింది ఆసుపత్రే, మొహమాటపడకుండా అడగండి. హెపటైటిస్ సికి టీకా లేదు, సూది వాడిన రోగికి అది ఉంటే మాత్రం మీరు టెస్టులు మానకూడదు.

నేను చూసినంతలో ఇంజక్షన్ చేస్తుండగా గుచ్చుకోవడం తక్కువ. రోగి దగ్గర నుంచి డబ్బా దాకా వెళ్లే ఆ పది అడుగుల్లోనే ప్రమాదమంతా. అందుకే ఇప్పుడు ముందు డబ్బా ట్రాలీ మీద పెట్టుకుని, తర్వాతే బెడ్ దగ్గరికి వెళ్తాను. క్యాప్ మళ్లీ పెట్టను. తప్పనిసరైతే క్యాప్‌ని ట్రేలో పడుకోబెట్టి, ఒక్క చేత్తోనే సూదిని అందులోకి తోస్తాను, రెండో చెయ్యి వెనక్కి. డబ్బా ముప్పావు నిండగానే మార్చేయాలి. నిండిన డబ్బాలోకి సూదిని వేలితో కుక్కేవాళ్లని చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. కదిలే పేషెంటైతే పట్టుకోవడానికి ఇంకొకరు వచ్చేదాకా ఆగండి, డాక్టరు తొందరపెట్టినా సరే. లేచే ముందు దుప్పటి మీద ఓసారి చూడండి, మనం మరిచిన సూది పొద్దున్న పక్క సర్దే ఆయమ్మకి గుచ్చుకుంటుంది.

ఇంకొకటి. రేపు డ్యూటీకి వెళ్లగానే, రాత్రి గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ మందులు ఎక్కడున్నాయో కనుక్కోండి. మీ దగ్గర లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోటు) ఎక్కడో తెలుసుకోండి. ఆ మందుల బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి. మా దగ్గర ఆ తాళం సాయంత్రం ఐదింటికి ఫార్మసిస్ట్ జేబులో ఇంటికి వెళ్లిపోయేదని నాకు తర్వాత తెలిసింది.