నానీ, వీడియో కంటే ముందు ప్రాబ్లమ్ సెట్ తెరువు

నానీ,

నీ మెసేజ్ చదివాను. బీఎస్సీ మ్యాథ్స్ అయిపోయింది, కంప్యూటర్ సైన్స్ నేర్చుకోవాలని ఉంది, అమీర్‌పేటలో కోచింగ్‌కి డబ్బు కట్టాలా, ఇంట్లోనే ఫ్రీగా నేర్చుకోవచ్చా అని అడిగావు. నేర్చుకోవచ్చు. మా టీమ్‌లోకి వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసి, ఇలా సొంతంగా చదువుకుని వచ్చిన పిల్లలు ఉన్నారు, పని బాగా చేస్తారు. ఆ డబ్బు అమ్మ దగ్గరే ఉండనీ, కొన్నాళ్లు పోయాక నిజంగా అవసరం అనిపిస్తే అప్పుడు చూద్దాం.

కానీ నువ్వు పంపిన లిస్టు చూస్తే నాకు టెన్షన్ వచ్చింది. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, ప్రిన్స్‌టన్, ఎన్‌పీటెల్ (మన ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు), అన్నీ కలిపి ఒకేసారి మొదలుపెడతానంటున్నావు. వద్దు నాన్నా, ఒక్కటి తీసుకో, దాన్ని చివరిదాకా చెయ్యి, ఆ తర్వాతే రెండోది.

ఆ ఒక్కటి హార్వర్డ్ వాళ్ల సీఎస్50, అంటే కంప్యూటర్ సైన్స్‌లో మొదటి కోర్సు, అయితే మంచిది. డేవిడ్ మలాన్ చెప్తారు, 2012 నుంచి ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో అందరికీ ఉచితంగా ఉంది. స్క్రాచ్‌తో (బ్లాకులు జోడించి ప్రోగ్రామ్ చేసేది) మొదలై వెంటనే సీ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి వెళ్తుంది, పైథాన్ ఆరో వారంలో గానీ రాదు. ఈ రోజుల్లో సీ ఎందుకురా, నేరుగా పైథాన్ పట్టు అని నీ ఫ్రెండ్స్ అంటారు, వినకు. నాలుగో వారంలో రికవర్ అని ఒక ప్రాబ్లమ్ ఉంటుంది: మెమరీ కార్డులోంచి డిలీట్ అయిన 50 ఫోటోలను నీ ప్రోగ్రామే బైట్లు చదువుకుంటూ వెళ్లి, ఫోటో ఎక్కడ మొదలవుతుందో పట్టుకుని బయటికి తియ్యాలి. ఐదో వారంలో 1,43,091 పదాల డిక్షనరీని హ్యాష్ టేబుల్‌లోకి (ఏ పదమైనా వెతికితే వెంటనే దొరికేలా దాచే పద్ధతి) ఎక్కించి స్పెల్లింగ్ తప్పులు పట్టాలి. అదే పని ఆ తర్వాతి వారం పైథాన్‌లో కొద్ది లైన్లలో అయిపోతుంది, కానీ నెమ్మదిగా నడుస్తుంది. ఎందుకు నెమ్మదో అప్పటికి నీకు అర్థమై ఉంటుంది, ఎందుకంటే లోపల జరిగేదంతా నువ్వే చేతులారా రాశావు కాబట్టి. నేను సీ చెయ్యమనేది అందుకే.

అసలు సంగతి ఏంటంటే, ఈ కోర్సుల్లో చదువు ఉన్నది ప్రాబ్లమ్ సెట్లలో, అంటే ప్రతి వారం చెయ్యమని ఇచ్చే ప్రోగ్రామ్‌లలో. వీడియో చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, ఆయన అంత బాగా చెప్తారు మరి. ఖాళీ ఫైలు తెరిచి మొదటి లైను రాయబోతే తెలుస్తుంది ఏం వచ్చిందో. అందుకని ఆ వారం ప్రాబ్లమ్ ఏంటో ముందే చదివేసి, అప్పుడు పాఠం విను. దేనికోసం వింటున్నావో తెలిస్తే చెవులు వేరేగా పనిచేస్తాయి. పాఠం రెండు గంటలైతే ప్రాబ్లమ్‌కి వారమంతా పట్టినా పట్టనీ. ఎక్కడైనా ఆగిపోతే కాగితం మీద చిన్న ఇన్‌పుట్ వేసుకుని, ఒక్కో లైన్‌కి ఏ వేరియబుల్‌లో ఏముందో రాసుకుంటూ వెళ్లు, నీకు నువ్వే తెలుగులో పైకి చెప్పుకో, అప్పటికీ రాకపోతే పడుకుని పొద్దున్నే చూడు. చాట్‌జీపీటీని మాత్రం అడగకు. కోర్సు రూల్స్ కూడా ఒప్పుకోవు. జవాబు చెప్పకుండా దారి మాత్రం చూపించే ఏఐ బాతు (బాతు బొమ్మతో ఉండే చాట్‌బాట్) ఒకటి కోర్సు వాళ్లే పెట్టారు, దాన్ని అడుగు.

లాప్‌టాప్ పాతదని బెంగ పెట్టుకోకు, కోడ్ అంతా బ్రౌజర్‌లోనే రాసుకోవచ్చు, చెక్50 అనే కమాండ్ కొడితే నీ ప్రోగ్రామ్ ఎక్కడ తప్పుతోందో అక్కడికక్కడే చెప్తుంది. అన్నీ పూర్తి చేస్తే హార్వర్డ్ సర్టిఫికెట్ ఉచితంగానే వస్తుంది, ఎడెక్స్ వెరిఫైడ్ దానికే డబ్బు, అది నీకు అక్కర్లేదు. ఇంగ్లిష్ వేగంగా అనిపిస్తే సబ్‌టైటిల్స్ పెట్టుకుని స్పీడ్ తగ్గించుకో.

అది అయ్యాక ఎన్‌పీటెల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి కోర్సు ఉంది, పైథాన్‌తో డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు, ఎనిమిది వారాలు. చేరడం ఉచితం, పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు. ప్రతి వారం గడువు ఉంటుంది కాబట్టి నీలాంటి వాయిదాల రాయుడికి మంచిది, పరీక్ష కూడా రాసెయ్. రికర్షన్ (ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) దగ్గర భయపడకు, ఇంటర్‌లో గణితానుగమనం చేశావుగా, ఆలోచన అదే: చిన్నదానికి తెలుసు, దాన్నుంచి పెద్దదానికి వెళ్లడం. మ్యాథ్స్ చదివిన నీకు ఇక్కడ మిగతావాళ్ల కంటే సులువు.

ఆ తర్వాత నాండ్ టు టెట్రిస్ అనే కోర్సు. నాకైతే అన్నిట్లోకీ ఇష్టమైంది అదే. ఒక్క నాండ్ గేట్‌తో (కంప్యూటర్ కట్టడానికి వాడే చిన్న లాజిక్ సర్క్యూట్) మొదలుపెట్టి ప్రాసెసర్, అసెంబ్లర్, కంపైలర్ దాకా నువ్వే కట్టుకుంటూ వెళ్తావు. మిగిలిన లిస్టు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఉద్యోగం ఎప్పుడు అని అమ్మ అడుగుతూనే ఉంటుంది, తనతో నేను మాట్లాడతాను. నువ్వు రోజూ పొద్దున రెండు గంటలు ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చో. ప్రతి ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్. ఆగిపోయిన చోట కోడ్ పంపించకు, ఏమేం ప్రయత్నించావో, ఒక్కోసారి ఏం వచ్చిందో నాలుగు లైన్లు రాసి పంపు, అక్కడి నుంచి ఇద్దరం కలిసి చూద్దాం.

పిన్ని