లా స్కూలే గమ్యమైతే డిగ్రీ కాలేజీ పేరుకు ఎంత ఖర్చు పెట్టొచ్చు?

మీరు అడిగింది ఇదీ: అమ్మాయికి అమెరికాలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పేరు మోసిన ప్రైవేటు యూనివర్సిటీ, అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు. రెండోది మీ రాష్ట్రపు యూనివర్సిటీలో ఆనర్స్ ప్రోగ్రాం, స్కాలర్‌షిప్పు పోగా 25 వేలు. డిగ్రీ అయ్యాక లా చదువుతానంటోంది. పేరు చూడాలా, డబ్బు చూడాలా?

లా మీద నిజంగా మనసు ఉంటే స్టేట్ యూనివర్సిటీకి పంపండి. ఏడాదికి 65 వేల తేడా అంటే నాలుగేళ్ళకు 2 లక్షల 60 వేల డాలర్లు. ఒక మంచి ప్రైవేటు లా స్కూల్లో మూడేళ్ళ ట్యూషన్ అటూఇటూగా అంతే అవుతుంది. పేరు కోసం ఖర్చు పెట్టాల్సి వస్తే అది లా స్కూలు దగ్గర పెట్టాలి, డిగ్రీ దగ్గర కాదు. ఎందుకో చెప్తాను.

లా స్కూలు అడ్మిషన్లు ప్రధానంగా రెండు అంకెల మీద నడుస్తాయి: ఎల్‌శాట్ అనే లా ప్రవేశ పరీక్ష స్కోరు, డిగ్రీ జీపీఏ, అంటే మామూలుగా 4.0 మీద లెక్కగట్టే గ్రేడుల సగటు. ప్రతి స్కూలూ తనలో చేరినవాళ్ళ ఎల్‌శాట్, జీపీఏ మధ్యస్థ విలువలను, అంటే మీడియన్లను, ఏటా బయటపెట్టాలి. ర్యాంకింగుల్లోనూ ఆ అంకెలకు వాటా ఉంది. అందుకే అడ్మిషన్ల ఆఫీసు ఒక దరఖాస్తు తెరిచినప్పుడు ముందు చూసేది, ఈ పిల్ల మా మీడియన్‌ను పైకి లాగుతుందా, కిందకి లాగుతుందా అని. రెండు మీడియన్లూ దాటినవాళ్ళకు సీటూ దొరుకుతుంది, స్కాలర్‌షిప్పూ దొరుకుతుంది. ఒకటి దాటి ఒకటి తగ్గితే అవకాశం ఉంది కానీ స్కూలును బట్టి మారుతుంది. రెండూ తగ్గితే వ్యాసాలు ఎంత బాగా రాసినా కష్టమే. ఈ లెక్కలో 3.9 ఎక్కడి నుంచి వచ్చినా 3.9 గానే నమోదవుతుంది. మన పెళ్ళిళ్ళలో పేరంటాల్లో కాలేజీ పేరుకు ఉండే బరువు ఆ కమిటీ బల్ల మీద ఉండదు.

అసలు లేదనడం కూడా సరికాదు. దరఖాస్తులు ఎల్‌శాట్ నిర్వహించే ఎల్‌శాక్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. అది స్కూళ్ళకు పంపే నివేదికలో మీ కాలేజీ నుంచి పరీక్ష రాసినవాళ్ళ సగటు ఎల్‌శాట్, మీ జీపీఏ వాళ్ళ మధ్య ఏ స్థానంలో ఉందన్నది కూడా కనిపిస్తాయి. మార్కులు ధారాళంగా వేసే కాలేజీ ఏదో, బిగించి వేసేది ఏదో చదివేవాళ్ళకు తెలుస్తుంది. కానీ అది సమానమైన ఇద్దరి మధ్య మొగ్గు చూపడానికి పనికొస్తుంది తప్ప 3.6ను 3.9గా మార్చదు.

జీపీఏ విషయంలో చాలామంది దెబ్బ తినేది దాన్ని లెక్కగట్టే పద్ధతి తెలియక. కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మీద ఉన్న జీపీఏ వేరు, ఎల్‌శాక్ వేసే జీపీఏ వేరు. మొదటి బ్యాచిలర్స్ పట్టా వచ్చేలోపు ఎక్కడ చదివిన కాలేజీ క్రెడిట్ అయినా అందులో కలుస్తుంది. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద కమ్యూనిటీ కాలేజీలో సరదాగా తీసుకున్న కోర్సులో సీ వచ్చిందా, అదీ కలుస్తుంది. తప్పిన కోర్సు మళ్ళీ తీసుకుని ఏ తెచ్చుకుంటే కాలేజీ పాత గ్రేడు తీసేసినట్టు చూపించొచ్చు. ట్రాన్స్‌క్రిప్టులో పాత గ్రేడూ దాని క్రెడిట్లూ కనిపిస్తున్నంతవరకు ఎల్‌శాక్ రెండింటినీ లెక్కిస్తుంది. మామూలుగా మధ్యలో మానేసిన కోర్సుకు పడే డబ్ల్యూ కలవదు. ఏ ప్లస్‌కు 4.33 పాయింట్లు ఇస్తారు కాబట్టి ఏ ప్లస్ వేసే కాలేజీలో చదివేవాళ్ళకు 4.0 దాటే వీలుంది, ఆ గ్రేడే లేని కాలేజీలో లేదు. పట్టా వచ్చాక చేసే మాస్టర్స్ ఎంత బాగా చేసినా ఈ అంకె కదలదు.

మొదటి ఏడాది ఎంత ఖరీదో చూడండి. 120 క్రెడిట్ల డిగ్రీలో మొదటి 30 క్రెడిట్లు 3.0తో గడిచాయనుకుందాం. మిగతా 90 క్రెడిట్లలో ఒక్కటి తప్పకుండా అన్నీ ఏ తెచ్చుకున్నా చివరికి వచ్చేది 3.75. అగ్రశ్రేణి లా స్కూళ్ళ మీడియన్లు ఇప్పుడు 3.9 పైన ఉన్నాయి. కాబట్టి కొత్త ఊరు, కొత్త హాస్టలు, పైగా కఠినమైన పోటీ ఉన్న చోట మొదటి రెండు సెమిస్టర్లు తడబడితే ఆ పేరున్న కాలేజీయే మీ అమ్మాయికి అడ్డమవుతుంది. మొదటి సెమిస్టర్లో కెమిస్ట్రీ, కాలిక్యులస్, ప్రోగ్రామింగ్ మూడూ ఒకేసారి పెట్టించకండి. లాకు ఫలానా మేజరే చదవాలన్న నియమం లేదు. పొలిటికల్ సైన్స్ అక్కర్లేదు, ‘ప్రీ లా’ అని పేరున్న మేజర్ అంతకన్నా అక్కర్లేదు. ఎక్కువ చదివించి, ఎక్కువ రాయించే సబ్జెక్టు, తనకు ఇష్టమై మార్కులు వచ్చేది చాలు. పేటెంట్ లా మీద ఆసక్తి ఉంటే మాత్రం సైన్సో ఇంజినీరింగో ఉండాలి, అది వేరే దారి.

ఎల్‌శాట్ గురించి రెండు మాటలు. స్కోరు 120 నుంచి 180 వరకు. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిళ్ళ విభాగం తీసేశారు. ఇప్పుడు లెక్కలోకి వచ్చేవి రెండు లాజికల్ రీజనింగ్ విభాగాలు, ఒక రీడింగ్ కాంప్రిహెన్షన్. పాత పుస్తకాలు కొని గేమ్స్ సాధన చేయించకండి. పరీక్ష రాసే సంఖ్యకు పరిమితి ఉంది: అయిదేళ్ళ వ్యవధిలో 5 సార్లు, మొత్తం మీద 7 సార్లు. స్కూళ్ళు గణాంకాల్లో చూపించేది అత్యధిక స్కోరే కాబట్టి రెండోసారి రాయడంలో నష్టం లేదు, సిద్ధం కాకుండా ‘ఎలా ఉంటుందో చూద్దాం’ అని రాయడంలోనే నష్టం. ట్రయల్ కోసం ఎల్‌శాక్ వాళ్ళ సాధన వెబ్‌సైటు లాహబ్‌లో అసలు పాత పేపర్లున్నాయి. 165 దగ్గర ఆగిపోయిన స్కోరు 170కి చేరితే సీటు వచ్చే స్కూలు మారిపోవచ్చు, లేదా అదే స్కూల్లో ఫీజు గణనీయంగా తగ్గొచ్చు. డిగ్రీ కాలేజీ పేరుకు పెట్టే ఏ లక్ష డాలర్లూ అంత పని చెయ్యవు.

ఇక లా స్కూలు దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. అక్కడ పేరు లెక్కే, బాగా లెక్కే. కాకపోతే ఆ పేరును కొలవాల్సింది పత్రికల ర్యాంకుతో కాదు. 2022 నవంబరులో యేల్, హార్వర్డ్ యూఎస్ న్యూస్ పత్రిక ర్యాంకింగులకు డేటా ఇవ్వబోమని తప్పుకున్నాయి, వాటి వెనక మరికొన్ని. మరుసటి ఏడాది ఆ పత్రిక లెక్క మార్చేసింది: ప్రొఫెసర్లు, లాయర్లు, జడ్జీల అభిప్రాయ సర్వేలకు 40 శాతం ఉండే వాటా 25కు దిగింది, ఉద్యోగాలు, బార్ (లాయరు లైసెన్సు పరీక్ష) ఉత్తీర్ణత వాటా బాగా పెరిగింది. ఒక్క ఏడాదిలో కొన్ని స్కూళ్ళ స్థానాలు చాలా మెట్లు మారాయి. స్కూళ్ళు మారలేదు, తూకం మారింది. అందుకని 27వ ర్యాంకు, 34వ ర్యాంకు అంటూ కుస్తీ పట్టడం దండగ.

మీరు చదవాల్సినవి రెండు కాగితాలు. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపున్న ప్రతి లా స్కూలూ వీటిని తన వెబ్‌సైటులో పెట్టి తీరాలి. ఒకటి ‘స్టాండర్డ్ 509’ నివేదిక, ఏటా డిసెంబరులో వస్తుంది. రెండోది ఎంప్లాయ్‌మెంట్ సమ్మరీ, పట్టా పుచ్చుకున్న పది నెలలకు ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పేది, వసంతంలో వస్తుంది.

ఎంప్లాయ్‌మెంట్ సమ్మరీలో ‘97 శాతం ఉద్యోగాలు’ లాంటి పై అంకె వదిలెయ్యండి. పూర్తికాలం, దీర్ఘకాలం, బార్ ఉత్తీర్ణత తప్పనిసరి అయిన ఉద్యోగాలు ఎన్నో చూడండి. స్కూలే జీతమిచ్చి పెట్టుకున్న ఉద్యోగాల వరుస విడిగా ఉంటుంది, దాన్ని తీసెయ్యండి. తర్వాత లా ఫర్ముల పట్టిక. అందులో ఫర్ములు లాయర్ల సంఖ్యను బట్టి విడివిడి వరుసల్లో ఉంటాయి: 1 నుంచి 10, 11 నుంచి 25, అలా 501 పైన దాకా. చివరి రెండు వరుసలు, అంటే 251 నుంచి 500, 501 పైన, వాటికి ఫెడరల్ క్లర్క్‌షిప్పులు (ఫెడరల్ జడ్జీల దగ్గర సహాయకుల కొలువులు) కలిపి మొత్తం పట్టభద్రులతో భాగించండి. ఉదాహరణకు 200 మందిలో ఆ మూడూ కలిపి 30 ఉంటే 15 శాతం. పెద్ద ఫర్ముకు వెళ్ళాలన్న ఆశతో ఆ స్కూల్లో చేరితే తరగతిలో పై 15 శాతంలో ఉండాలన్నమాట. మార్కులు కర్వ్ మీద, అంటే ఒకరితో ఒకరిని పోల్చి, వేస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళందరూ కష్టపడేవాళ్ళే, కాబట్టి ‘మా అమ్మాయి ఎలాగూ ఉంటుంది’ అనుకోకండి. కింద రాష్ట్రాల వరుస కూడా చూడండి. పట్టభద్రులు ఎక్కువగా ఉద్యోగం చేస్తున్న మూడు రాష్ట్రాలు అక్కడ ఉంటాయి. చాలా స్కూళ్ళ పేరు ఆ రాష్ట్రపు సరిహద్దు దాకానే పనిచేస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే అమెరికాలో కొత్త లాయర్ల జీతాలు రెండు గుట్టలుగా ఉంటాయి. పెద్ద ఫర్ముల్లో మొదటి ఏడాది మూల జీతం 2 లక్షల 25 వేల డాలర్లు. చిన్న ఫర్ములు, ప్రభుత్వం, పబ్లిక్ డిఫెండర్ల ఆఫీసులు లక్షలోపు. మధ్యలో జనం పలుచన. ‘సగటు జీతం’ చూసి అప్పు లెక్కేస్తే ఆ సగటు ఎవరికీ రాదు.

అప్పు దగ్గర నియమాలు కొత్తగా బిగిశాయి. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకు గ్రాడ్ ప్లస్ లోన్, అంటే డిగ్రీ తర్వాతి చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పు, లేదు. లా విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు, అంతే. డిగ్రీలో తను చేసిన ఫెడరల్ అప్పు కూడా కలిపి జీవితకాలపు పరిమితి 2,57,500. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్‌కు ఏడాదికి 20 వేలు, ఒక్కో బిడ్డకు మొత్తం 65 వేలు. పెద్ద నగరాల్లో ప్రైవేటు లా స్కూలు ఖర్చు ఇప్పుడు ఏడాదికి లక్ష దాటుతోంది. మిగతాది ప్రైవేటు బ్యాంకు అప్పే, దానికి తరచూ మీరు హామీ సంతకం పెట్టాలి. ప్రభుత్వోద్యోగంలో 120 వాయిదాలు కట్టాక మాఫీ అయ్యే పథకం ఫెడరల్ అప్పుకే వర్తిస్తుంది, ప్రైవేటు అప్పుకు కాదు. డిగ్రీలో ఆ 2 లక్షల 60 వేలు ఖర్చు చేసేస్తే, లా స్కూలు వేళకు చేతిలో ఏమీ ఉండదు.

స్కాలర్‌షిప్పు ఉత్తరం వచ్చినప్పుడు మొత్తం చూసి సంబరపడకుండా షరతు చదవండి. ‘తరగతిలో పై సగంలో ఉంటేనే కొనసాగుతుంది’ లాంటి వాక్యం ఉంటే జాగ్రత్త. డిగ్రీలో 3.0 నిలుపుకోవడం వేరు, కర్వ్ మీద పై సగంలో ఉండటం వేరు. తరగతిలో మూడింట రెండొంతుల మందికి అలాంటి స్కాలర్‌షిప్పే ఇచ్చి ఉంటే కొందరు పోగొట్టుకోక తప్పదు, అది లెక్క. 509 నివేదికలో షరతు స్కాలర్‌షిప్పులు ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి తగ్గించారో తీసేశారో ఉంటుంది. షరతు లేని స్కూళ్ళున్నాయి, ముందు వాటినే చూడండి. ముందే దరఖాస్తు పెట్టే ఎర్లీ డెసిషన్ పద్ధతి కట్టుబాటుతో కూడింది, సీటు వస్తే చేరాల్సిందే. దాని కింద దరఖాస్తు పెడితే బేరమాడే వీలు పోతుంది. స్కాలర్‌షిప్పు ముందే రాసిచ్చే చోట తప్ప పెట్టకండి. మామూలు దరఖాస్తులు సెప్టెంబరులో తెరుస్తారు, చాలా స్కూళ్ళు వచ్చినవి వచ్చినట్టు సీట్లు ఇస్తూ పోతాయి, నవంబరు లోపు పంపడం మేలు.

‘ముందు ఏదో ఒక స్కూల్లో చేరి రెండో ఏడాది పెద్దదానికి మారొచ్చు’ అని కొందరు సలహా ఇస్తారు. మారొచ్చు, కానీ మారినవాళ్ళకు స్కాలర్‌షిప్పు అరుదు, పైగా పెద్ద ఫర్ముల నియామకాలు ఇప్పుడు మొదటి ఏడాది ముగిసీ ముగియకముందే మొదలవుతున్నాయి.

ప్రైవేటు యూనివర్సిటీకి పంపడం సబబయ్యే సందర్భం ఒకటుంది: లా మీద అమ్మాయికి ఇంకా నమ్మకం కుదరకపోతే. కన్సల్టింగ్, ఫైనాన్స్ లాంటి చోట్ల డిగ్రీ కాలేజీ పేరు చూసే నియమిస్తారు. పద్దెనిమిదేళ్ళకు లా అన్నవాళ్ళలో చాలామంది ఇరవై రెండుకు వేరే మాట అంటారు. అయినా 2 లక్షల 60 వేల తేడాకు అదొక్కటే కారణం చాలదని నా అభిప్రాయం. నాలుగేళ్ళకు కలిపి తేడా 40, 50 వేలైతే వేరే సంగతి. ఆర్థిక సాయం పెంచమని ఆ యూనివర్సిటీకి ఒకసారి రాసి చూడండి, వేరే చోట వచ్చిన ఆఫరు జతచేసి.

చివర్లో మీ తమ్ముడి కొడుకు గురించి అడిగారు: హైదరాబాదులో బీకాం పూర్తిచేసి అమెరికాలో జేడీ, అంటే అక్కడి లా పట్టా, చెయ్యాలనుకుంటున్నాడని. విదేశీ డిగ్రీకి ఎల్‌శాక్ 4.0 మీద అంకె వెయ్యదు. సుపీరియర్, అబవ్ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అని ఒక మాట రాస్తుంది. ఆ అంకె లేదు కాబట్టి స్కూలు జీపీఏ మీడియన్ మీద ప్రభావం ఉండదు, భారమంతా ఎల్‌శాట్ మీదే పడుతుంది. ఫెడరల్ అప్పు అతనికి దొరకదు. యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు నేరుగా ఎల్‌శాక్‌కు చేరాలి. దీనికి ఒక్కోసారి నెలలు పడుతుంది, కాబట్టి ఎల్‌శాట్‌కు చదవడం మొదలుపెట్టిన రోజే ఆ దరఖాస్తు కూడా పెట్టేయమనండి.