టెక్ సందేహాలు: స్టిక్కర్ మీది వాట్లన్నీ కార్డుకు అందవు

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఎనిమిదేళ్ల నాటి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటిచ్చే పవర్ సప్లై) ఉంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. కార్డు వాడకం 220 వాట్లు, ప్రాసెసర్‌ది 65. ఎలా కూడినా 350 దాటదు. అయినా గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు కంప్యూటర్ ఠక్కున ఆగిపోయి, మళ్లీ దానంతటదే ఆన్ అవుతోంది. కార్డు పాడైనట్టా?

కార్డు బాగానే ఉండి ఉంటుంది. దాదాపు ప్రతి వారం ఇదే ఉత్తరం వస్తోంది, అంకెలు మాత్రమే మారుతుంటాయి. మీ చిక్కు ఆ 550 దగ్గర మొదలైంది.

క్యాబినెట్ తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవండి. 3.3, 5, 12 వోల్టులకు వేర్వేరు గడులుంటాయి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ నడిచేది 12 వోల్టుల లైను మీదే. ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణించండి. 30 ఆంపియర్లుంటే మీకు దక్కేది 360 వాట్లే. మిగతా 190 మీ కార్డుకు పనికిరాని 3.3, 5 వోల్టుల ఖాతాలో ఉన్నట్టు. 12 వోల్టుల గడులు రెండు మూడుంటే వాటిని కూడేయకండి, ఉమ్మడి గరిష్ఠం విడిగా రాసి ఉంటుంది. ఇప్పటి మంచి సప్లైల్లో దాదాపు వాట్లన్నీ 12 వోల్టుల మీదే దొరుకుతాయి, పాత డిజైన్లలో అలా కాదు.

ఇక 220 వాట్లన్నది సగటు. కార్డు వాడకం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు ఒక్కసారిగా పైకి ఎగసి, కొన్ని కార్డుల్లో రెట్టింపు దాకా వెళ్తుంది. ఆ ఎగుడును చూసి పాత ఎస్‌ఎంపీఎస్ ఏదో ప్రమాదం జరిగిందనుకుని కరెంటు ఆపేస్తుంది. 2022లో సప్లైల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇందుకోసమే ఒక షరతు పెట్టింది: కొత్త 16 పిన్ కనెక్టర్ ఉన్న పెద్ద సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. మీది అంతకు ముందుది. కార్డు పెట్టె మీద ఈ ఎగుడు ఎంతో రాయకుండా, ‘650 వాట్ల సప్లై వాడండి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఏ 650? ఎన్ని ఆంపియర్లు? కొనేవాడికి నిజంగా కావాల్సిన అంకె అదే.

నా లెక్క ఇది. కార్డుకు 220, ప్రాసెసర్‌కు 120 (65 అని రాసినవి కూడా పూర్తి వేగంలో అంతకు మించి లాగుతాయి), మిగతా వాటికి 60. మొత్తం 400. ఇది 12 వోల్టుల సామర్థ్యంలో అరవై శాతం దగ్గర ఉండాలి కాబట్టి, నిజాయితీగా 650 ఇచ్చే సప్లై మీకు సరిపోతుంది. దాని మీది ‘80 ప్లస్ గోల్డ్’ అనే బంగారు ముద్ర చూసి నిశ్చింతగా ఉండొద్దు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందో మాత్రమే ఆ ముద్ర చెబుతుంది, లోపలి రక్షణ గురించి ఏమీ చెప్పదు. కొత్తది వచ్చేదాకా కార్డు పవర్ లిమిట్‌ను (అది లాగే వాట్ల హద్దును) 75 శాతానికి తగ్గించి ఆడుకోండి. గేమ్ వేగం మీరు భయపడినంతగా పడిపోదు.

ప్రశ్న: కార్డుకు 8 పిన్ కనెక్టర్లు రెండు కావాలి. నా సప్లైలో ఒకటే ఉంది. డిస్కులకు కరెంటిచ్చే సాటా కేబుల్‌ను 8 పిన్‌గా మార్చే అడాప్టర్ దొరికింది. వాడొచ్చా?

వద్దు. సాటా ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్లకే తయారైనది. అన్నీ కలిపి 54 వాట్లు. 8 పిన్ ప్లగ్గు కనిపిస్తే చాలు, 150 వాట్లు లాగొచ్చని కార్డు అనుకుంటుంది. వెనక ఉన్నది అడాప్టరని దానికి తెలిసే దారి లేదు. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ కూడా మిమ్మల్ని కాపాడదు. 12 ఆంపియర్లు దానికి మామూలు భారమే, పైగా షార్ట్ సర్క్యూట్ ఏదీ జరగలేదు కదా. సప్లై తన పని తాను చేసుకుపోతుంటే మధ్యలో ప్లాస్టిక్ కరుగుతుంది. ఇలాంటి అడాప్టర్లను అసలు తయారు చేయకూడదు.

ఇంకో సప్లై తాలూకు కేబుల్ ఇంట్లో ఉంది కదా అని అదీ పెట్టకండి. విప్పి పెట్టుకునే కేబుళ్లలో కార్డు వైపు కొసకే ప్రమాణం ఉంది, సప్లై వైపు కొసకు లేదు. ఒకే తయారీదారు మోడళ్లలో కూడా పిన్నుల వరస మారిపోతుంటుంది. కేబుల్ చక్కగా దూరుతుంది, డిస్కుకు వెళ్లేదైతే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి. డిస్కు, అందులోని ఏళ్ల నాటి ఫొటోలు ఒక్క క్షణంలో పోతాయి. రెండో కొసకూ ఒకే వరస పెట్టి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. ఇన్నేళ్లైనా ఎవరూ ఆ పని చేయలేదు.

ప్రశ్న: 750 వాట్ల కొత్త సప్లై పెట్టాను, అంతా బాగుంది. కానీ ఎవరూ వాడని సమయంలో కార్డు ఫ్యాన్లు మోత మోగుతున్నాయి. గోడ దగ్గరి మీటర్ 300 వాట్లు చూపిస్తోంది. మౌస్ కదిపితే తగ్గిపోతుంది. సప్లై లోపమా?

సప్లైది లోపం కాదండీ. కార్డు అడిగితేనే అది ఇస్తుంది. మీరు లేనప్పుడు మీ కార్డు చేత ఎవరో పని చేయిస్తున్నారు. నాకు అన్నిటికన్నా భయం కలిగించిన ఉత్తరం ఇదే.

కార్డు మార్చగానే అందరూ చేసే పని, డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) కోసమో, కార్డు వేగం, ఫ్యాన్ వేగం మార్చే ఓవర్‌క్లాకింగ్ టూల్ కోసమో వెతికి, పైన కనిపించిన మొదటి లింకు నొక్కడం. అలాంటి టూల్ పేరుతో నకిలీ సైట్లు పెట్టి, క్రిప్టో మైనర్లనూ (మీ కార్డుతో వాళ్ల కోసం క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాములు) పాస్‌వర్డ్ దొంగలనూ కలిపి పంచిన ఉదంతాలు 2022లోనే బయటపడ్డాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ అనుమతి మీరే ఇస్తారు, కాబట్టి లోపలికి రావడానికి అవతలివాళ్లు కష్టపడక్కర్లేదు. కొన్ని మైనర్లు టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపేస్తాయి. గోడ మీటర్‌ను మాత్రం అవి మోసం చేయలేవు.

ముందు నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని చోట్లా లాగవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చినా దొంగిలించిన పాత లాగిన్ సెషన్ పనిచేస్తూనే ఉండొచ్చు. ఆ తర్వాత విండోస్‌ను మొదటినుంచీ వేయండి. యాంటీవైరస్‌తో ఒకసారి తుడిచి ఊరుకుంటే నాకు నమ్మకం లేదు. కొత్తగా వేశాక విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసోలేషన్‌లో ప్రమాదకర డ్రైవర్ల బ్లాక్‌లిస్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అదే 2022లో ఒక రాన్సమ్‌వేర్ ముఠా (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు) ఓవర్‌క్లాకింగ్ టూల్‌కు చెందిన అసలైన, డిజిటల్ సంతకమున్న డ్రైవర్‌ను వెంట తెచ్చుకుని, దానిలోని లోపంతో రక్షణ సాఫ్ట్‌వేర్ నోరు నొక్కేసింది. ఫ్యాన్ వేగం మార్చే చిన్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ గుండె దాకా తాళంచెవి ఇచ్చే డిజైన్ చేసిన పని అది.

డ్రైవర్ కోసం కార్డు మీది చిప్ తయారీదారు సైట్ చిరునామాను మీరే టైప్ చేసి వెళ్లండి. ‘డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో అప్‌డేట్’ అనే ప్రోగ్రాముల జోలికి వద్దు. అన్నీ అయ్యాక కంప్యూటర్‌ను అరగంట అలా వదిలేసి మీటర్ చూడండి, మామూలుగా 100 వాట్ల లోపే ఉండాలి. అప్పుడూ 300 చూపిస్తే నాకు రాయండి.