మిత్రమా, నీదే ఊరు?

ప్రశ్న: నాజీల ప్రచార చిత్రం ‘ట్రయంఫ్ ఆఫ్ ది విల్’ చూశాను. కవాతులు, ఉపన్యాసాలు తప్ప కథే లేదు. దేశమంతా ఒక్కటన్న భావన దీంతో ఎలా కలిగించారు? మా కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో వేయాలంటే ఎలా వేయాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: 1934 సెప్టెంబరులో న్యూరెంబర్గ్‌లో జరిగిన నాజీ పార్టీ మహాసభల మీద దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన చిత్రమిది. దాదాపు 170 మంది సిబ్బంది, 30 కెమెరాలు. జెండా స్తంభానికి లిఫ్టు బిగించి, కెమెరామన్‌ను పైకి పంపి మరీ తీశారు. అరవై గంటలకు పైగా వచ్చిన ఫిల్మును 114 నిమిషాలకు కుదించారు. వెనక నుంచి వ్యాఖ్యానం ఒక్క ముక్క వినపడదు. ఎవరూ చెప్పకుండా తానే కళ్లారా చూశానని ప్రేక్షకుడు నమ్మాలి, ఎత్తుగడంతా అదే.

శ్రామిక దళం ఘట్టాన్ని మళ్లీ చూడండి. 52,000 మంది యువకులు పారలను తుపాకుల్లా పట్టుకుని నిలబడి ఉంటారు. ‘మిత్రమా, నీదే ఊరు?’ అని ఒక గొంతు అడుగుతుంది. ఫ్రీస్‌లాండ్, బవేరియా, సైలీషియా, డ్రెస్డెన్... ఒక్కో జవాబుకు ఒక్కో ముఖం తెర నిండా వస్తుంది. ఆ తర్వాత ‘ఒకే ప్రజ, ఒకే నాయకుడు, ఒకే దేశం’ అని అందరూ ఒక్క గొంతుతో అరుస్తారు. ఇందాక విడిగా చూసిన ముఖం ఆ వరుసల్లో ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఊరు అడిగారు. కూలెంతో, ఏ యూనియన్‌లో ఉండేవాడో మాత్రం అడగలేదు. 1933 మే 2న నాజీలు కార్మిక సంఘాల ఆఫీసులను ఆక్రమించుకున్నారు. అదే జులైలో నాజీ పార్టీ తప్ప మిగతా పార్టీలన్నిటినీ నిషేధించారు. ఊళ్ల తేడాతో పాలకులకు భయం లేదు కాబట్టి దాన్ని ముచ్చటగా చూపించారు. వర్గాల తేడాను తెర మీదికి రానివ్వలేదు. యూదులకు ఈ ‘మిత్రమా’ అన్న పిలుపే లేదు. ఏడాది తిరిగేసరికి, 1935 సెప్టెంబరులో, వాళ్ల పౌరసత్వపు హక్కులు తీసేసిన చట్టాలను ఇదే న్యూరెంబర్గ్‌లో ప్రకటించారు.

ఊళ్ల జాబితాలో చివరి పేరు సార్. ఆ దృశ్యం తీసేనాటికి సార్ ప్రాంతం నానాజాతి సమితి పాలనలో ఉంది. జర్మనీలో కలవాలా వద్దా అని అక్కడ జనవాక్య సేకరణ జరిగింది 1935 జనవరి 13న. చిత్రం విడుదలైంది మార్చి 28న. ఓటు పడకముందే కెమెరా ముందు కలిపేశారన్నమాట!

లేని మనిషిని కూడా గమనించండి. 1933 మహాసభల మీద ఆమే తీసిన చిత్రంలో నాజీ పార్టీ తుఫాను దళాల అధిపతి రోమ్, హిట్లర్ పక్కనే కనిపిస్తాడు. 1934 జూన్ 30న మొదలైన హత్యాకాండలో అతన్ని చంపించాక ఆ పాత చిత్రాన్ని పక్కన పడేశారు. కొత్త చిత్రంలో అతని స్థానంలో కొత్త అధిపతి లుట్జె నడుస్తాడు.

ఇక మీ క్లబ్ సంగతి. మొత్తం ఒకేసారి వేస్తే సగంలోనే కునుకుపాట్లు మొదలవుతాయి, లేదా సంగీతానికి ఒళ్లు పులకరించి ఆలోచన ఆగిపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. శ్రామిక దళం ఘట్టం ఒక్కటే తీసుకోండి. మొదట మామూలుగా వేయండి. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి, విడి ముఖాలెన్ని, గుంపు షాట్లెన్ని అని లెక్క రాయించండి. మూడోసారి 1934 నాటి జర్మనీ పటం గోడకు తగిలించి, పేరు వినపడగానే ఒకరిని లేచి ఆ చోట వేలు పెట్టమనండి. సార్ దగ్గర ఆపి, సరిహద్దు గీత ఎటువైపు ఉందో చూడమనండి.